కెటిల్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, బ్రేకర్ మాత్రం పడటం లేదు

టెక్సాస్ నుంచి రాసిన ఈ పాఠకురాలు పేరు వెయ్యవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందులోని సంగతి ఇది.

నాలుగేళ్ల కిందట వాళ్లు 1980ల్లో కట్టిన ఒక ఇల్లు కొన్నారు. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. రెండేళ్లుగా ఆయనకు ఇంట్లో బీరు కాచే సరదా పట్టుకుంది. గ్యారేజీలో బట్టల డ్రయ్యర్ ఉన్న మూలనే సరంజామా అంతా పెట్టారు: స్టీలు కెటిల్, అందులో వేడిచేసే 5,500 వాట్ల ఎలిమెంట్, గోడకు కంట్రోల్ బాక్స్, వర్ట్‌ను, అంటే బీరుగా పులియబోయే తియ్యటి ద్రవాన్ని, తిప్పే చిన్న పంపు. కాచే రోజున డ్రయ్యర్ ప్లగ్ తీసి అదే సాకెట్‌లో బాక్స్ ప్లగ్ పెడతారు. సాకెట్‌కు మూడు కన్నాలు, బాక్స్ ప్లగ్‌కు నాలుగు కాళ్లు. మధ్యలో ఆన్‌లైన్‌లో కొన్న అడాప్టర్ ఒకటి. షాక్ కొట్టకుండా స్పా ప్యానెల్ కూడా తగిలించుకున్నారు. హాట్ టబ్‌ల కోసం అమ్మే జీఎఫ్‌సీఐ బ్రేకర్ డబ్బా అది, కరెంటు పక్కదారిన నేలకు కారితే వెంటనే తెంచేస్తుంది.

వర్ట్ పొంగి పొర్లిన రోజుల్లో ఆ జీఎఫ్‌సీఐ ట్రిప్ అయ్యేది. రెండు నెలలు వాడకుండా ఉంచి మళ్లీ మొదలుపెట్టిన రోజూ అయింది. ఆ రోజుల్లో ఎవరికీ షాక్ తగల్లేదు. ఆగస్టులో మాత్రం ఈమె తడిసిన గ్యారేజీ నేల మీద వట్టికాళ్లతో నిలబడి కెటిల్ పిడి పట్టుకుంటే చెయ్యి జిల్లుమంది. తర్వాత ఇంకో రెండుసార్లు. మూడుసార్లూ పంపు తిరుగుతూ ఉంది, మూడుసార్లూ జీఎఫ్‌సీఐ కదల్లేదు. "అక్కర్లేనప్పుడు పడిపోతుంది, కావలసినప్పుడు పడదు, ఇది చెడిపోయింది" అని భర్త స్పా ప్యానెల్ పీకేసి బాక్స్‌ను నేరుగా కలిపేశారు. "మా ఊళ్లో గ్రైండర్ ముట్టుకుంటే ఇంతకన్నా గట్టిగా కొట్టేది. ఇక్కడ 120 వోల్టులే కదా" అని నవ్వారట. బాక్స్ మీద ఎర్ర బటన్ ఉంది. ఇదివరకు నొక్కితే జీఎఫ్‌సీఐ పడిపోయి అంతా ఆగేది, ఇప్పుడు నొక్కినా ఏమీ కావడం లేదు.

ఇంట్లో ఆరేళ్ల బాబు ఉన్నాడు. డిసెంబరులో అత్తమామలు వస్తున్నారు. ఈ విషయం మీద ఇద్దరికీ నెలరోజులుగా మాటల్లేవు. "మీ అమ్మగారి ముందు పెడతాను" అని ఈమె, "నీకు బీరంటేనే గిట్టదు, కరెంటు ఒక సాకు" అని ఆయన. మరిది హైదరాబాద్‌లో ఇలాంటిదే కట్టుకుంటానని వివరాలు అడుగుతున్నాడు. చివర్లో ఒక్క వాక్యం: "డ్రయ్యర్ తిరుగుతుండగా ముట్టుకుంటే కూడా ఒకటి రెండుసార్లు జుమ్మంది, బట్టల స్టాటిక్ అనుకున్నాను." ఆమె అడుగుతున్నది: మాన్పించాలా, లేక నేనే అతి చేస్తున్నానా?

*

మీరు అతి చేయడం లేదు. అయితే మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువగా భయపెట్టింది బీరు కెటిల్ కాదు, ఆ చివరి డ్రయ్యర్ వాక్యం. అందుకే మాన్పించాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. ఈ పూటే ఒక పని చేయండి. మెయిన్ ప్యానెల్‌లో డ్రయ్యర్ పేరున్న 30 ఆంపియర్ల జంట బ్రేకర్ ఆఫ్ చేయండి. ఆఫ్ చేశాకే ఆ సాకెట్‌లో ఉన్న ప్లగ్ తీయండి, ముందు కాదు. బ్రేకర్ మీద టేపు అంటించి "వేయవద్దు" అని రాయండి. డ్రయ్యర్ కూడా ఆగాలి. కొన్నాళ్లు బట్టలు స్టాండు మీద ఆరతాయి.

ఎందుకో చెప్పాలంటే మీ గోడలో ఏముందో చూడాలి. అమెరికా ఇళ్లకు రెండు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 240. మీ ఎలిమెంట్ 240 మీద పనిచేసేది, దానికి న్యూట్రల్ అక్కర్లేదు. పంపు 120ది, దానికి కావాలి. డ్రయ్యర్‌లోనూ అంతే: వేడి 240 మీద, మోటారు, లైటు 120 మీద. పాతకాలపు మూడు కన్నాల డ్రయ్యర్ సాకెట్ (అమెరికా ప్రమాణాల్లో దాని పేరు నెమా 10-30) రెండు ఫేజులూ న్యూట్రలూ మాత్రమే ఇస్తుంది. ఎర్త్ లేదు. అప్పట్లో డ్రయ్యర్ ఇనుప ఒంటిని లోపల చిన్న పట్టీతో న్యూట్రల్‌కే కలిపేసి, అదే ఎర్త్ అనుకొమ్మన్నారు. 1996 నాటి కోడ్‌తో, అంటే అమెరికా వైరింగ్ నియమావళితో, కొత్త వైరింగ్‌లో ఆ పద్ధతి ఆగిపోయి నాలుగు కన్నాల సాకెట్ వచ్చింది. పాత ఇళ్లలో పాతది అలాగే ఉండిపోయింది.

ఎర్త్‌కూ న్యూట్రల్‌కూ తేడా రంగులో కాదు, పనిలో ఉంది. న్యూట్రల్‌లో రోజూ కరెంటు పారుతుంది. ఎర్త్‌లో ఏదైనా పాడైనప్పుడు తప్ప పారకూడదు. మీవారు కొన్న అడాప్టర్ నాలుగో కాలికి ఎర్త్ ఎక్కడి నుంచి తెచ్చి ఉంటుంది? గోడలోనే లేదు. ఇలాంటి అడాప్టర్లలో కొన్నింటికి పచ్చ తీగ ఒకటి బయటికి వేలాడుతుంది, దాన్ని మనమే అసలైన ఎర్త్‌కు కలుపుకోవాలి. కొన్నింటిలో ఎర్త్ కాలిని లోపలే న్యూట్రల్ కాలికి కలిపేస్తారు. మీ దాంట్లో రెండోదే జరిగి ఉంటుందని మీ లక్షణాలు చెబుతున్నాయి. అంటే కంట్రోల్ బాక్స్, కెటిల్, పంపు ఒళ్లు అన్నీ న్యూట్రల్ తీగకు కట్టేసి ఉన్నాయి.

న్యూట్రల్ బిగుతుగా ఉన్నంతకాలం ఏమీ తెలియదు. నలభై ఏళ్ల సాకెట్‌లో, డ్రయ్యర్ ప్లగ్‌నూ బాక్స్ ప్లగ్‌నూ నెలకు నాలుగుసార్లు పీకి పెడుతుంటే, లోపలి కాంటాక్టు వదులవుతుంది. ఆ వదులు చోట ఒక 10 ఓముల అడ్డు ఏర్పడిందనుకోండి. పంపు ఒకటిన్నర ఆంపియర్ లాగితే అక్కడ 15 వోల్టులు నిలుస్తాయి. ఆ 15 వోల్టులూ కెటిల్ ఒంటి మీద ఉంటాయి. తడి సిమెంటు నేల మీద వట్టి కాళ్లు, తడి చెయ్యి: జిల్లుమంటుంది. పంపు ఆగితే న్యూట్రల్‌లో పారేదేమీ ఉండదు కాబట్టి జిల్లూ ఉండదు. మూడుసార్లూ పంపు తిరుగుతూనే ఉందని మీరు గమనించి రాయడం ఎంత మంచిదైందో ఇప్పుడు తెలిసి ఉంటుంది. డ్రయ్యర్ జుమ్మనడానికీ కారణం ఇదే. అక్కడ పంపు బదులు మోటారు.

ఇక అసలు చిక్కుముడి: జీఎఫ్‌సీఐ ఎందుకు పడలేదు?

జీఎఫ్‌సీఐ చేసేది లెక్క చూడటం. తన లోంచి ఫేజుల మీద వెళ్లిన కరెంటు, ఫేజుల మీదా న్యూట్రల్ మీదా తిరిగొచ్చిన కరెంటు సరిపోవాలి. 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, ఎవరి ఒంట్లోంచో నేలకు పోతోందని కట్ చేస్తుంది. మీ విషయంలో కరెంటు స్పా ప్యానెల్‌లోంచి బయటికెళ్లి, పంపులో పనిచేసి, న్యూట్రల్ మీద స్పా ప్యానెల్‌లోంచే బుద్ధిగా తిరిగొచ్చింది. లెక్క సరిపోయింది. ప్యానెల్ దాటి గోడ వైపుకు వెళ్లాక వదులు కాంటాక్టు దగ్గర తోవ ఇరుకై, అందులో కొంత అడాప్టర్‌లోని అతుకు మీదుగా ఎర్త్ తీగలోకి, అక్కణ్నుంచి కెటిల్ ఒంటికి, మీ చేతికి, నేలకు పోయింది. జీఎఫ్‌సీఐకి ముందు జరిగిన దొంగతనం జీఎఫ్‌సీఐ లెక్కలోకి రాదు.

ఇదే దారిలో ఇంకో అడుగు ముందుకు వేస్తే, ఆ న్యూట్రల్ వదులవడం కాదు, పూర్తిగా ఊడిపోతే, పంపు ఆన్‌లో ఉన్న ప్రతి క్షణం కెటిల్ ఒంటి మీద దాదాపు 120 వోల్టులు ఉంటాయి. అప్పుడు కూడా జీఎఫ్‌సీఐ లెక్క సరిగ్గానే కనిపిస్తుంది. పైగా చాలా స్పా బ్రేకర్ల లోపలి సర్క్యూట్ పనిచేసేదీ ఆ న్యూట్రల్ ఆధారంగానే. పంపు తిరగడం మానేస్తుంది కాబట్టి "ఏమైందో చూద్దాం" అని ఎవరో ఒకరు కెటిల్ మీద చెయ్యి వేస్తారు. డ్రయ్యర్ విషయంలోనూ అచ్చం ఇంతే. ఆగిపోయిన డ్రయ్యర్ ముందు ఎవరు నిలబడి ఉంటారో మీరే ఊహించుకోండి.

సరే, అది పడకపోవడానికి కారణం. పడటానికి కారణం పూర్తిగా వేరు. పొంగినప్పుడు పడిందంటే, నురగ కెటిల్ పక్కగా జారి ఎలిమెంట్ వెనక తీగలు కలిసే డబ్బాలోకి చేరుతోంది. వర్ట్ చక్కెర నీళ్లు, లవణాలు కూడా ఉంటాయి, కరెంటును బాగానే మోస్తుంది. 120 వోల్టుల ఫేజు నుంచి ఒంటికి 20 వేల ఓముల తేమ దారి ఏర్పడితే చాలు, 6 మిల్లీ ఆంపియర్లు కారతాయి. రెండు నెలల విరామం తర్వాత పడటం మరో కథ. ఎలిమెంట్ గొట్టంలో వేడి తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. చివర్ల సీలు సరిగా లేకపోతే అది గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది, అప్పుడు తీగ నుంచి గొట్టానికి కరెంటు కారుతుంది. రెండుసార్లూ జీఎఫ్‌సీఐ తన పని తాను చేసింది. అంటే మీవారు రెండు వేర్వేరు జబ్బుల్ని ఒకటిగా చూసి, వైద్యుణ్ని ఇంట్లోంచి పంపేశారు. ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చేతిలో ఉన్న లక్షణాలు చూస్తే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది.

స్పా ప్యానెల్ పీకేశాక మిగిలిన కాపలా 30 ఆంపియర్ల బ్రేకర్ ఒక్కటే. అది తీగలు కాలకుండా చూసేది, మనుషుల్ని చూసేది కాదు. 30 ఆంపియర్లంటే 30,000 మిల్లీ ఆంపియర్లు. తడి ఒంటి అడ్డు ఒక వెయ్యి ఓములనుకుంటే 120 వోల్టులు 120 మిల్లీ ఆంపియర్లు తోస్తాయి. బర్క్లీలో చార్ల్స్ డాల్‌జీల్ అనే ప్రొఫెసర్ కొలిచిన దాని ప్రకారం, పట్టుకున్న వస్తువును వదలగలిగే హద్దు సగటున మగవాళ్లకు 16, ఆడవాళ్లకు పదిన్నర మిల్లీ ఆంపియర్లు. జీఎఫ్‌సీఐని 1961లో కనిపెట్టిందీ ఆయనే. ఆ హద్దు దాటితే చెయ్యి బిగుసుకుపోతుంది. 50 నుంచి 100 మధ్య, రెండు మూడు సెకన్లు గుండె మీదుగా పోతే గుండె లయ తప్పవచ్చు. మీకు తగిలిన జిల్లు బహుశా నాలుగైదు మిల్లీ ఆంపియర్లు. ఊళ్లో గ్రైండర్ దగ్గర ప్లాస్టిక్ చెప్పులూ పొడి చేతులూ కాపాడాయి. వోల్టేజీ ఎంతన్నది సగం లెక్కే, కాళ్ల కింద ఏముందన్నది మిగతా సగం.

ఎర్ర బటన్ గురించి రెండు మాటలు. నొక్కితే జీఎఫ్‌సీఐ పడేదంటే, అది ఫేజు నుంచి ఒక రెసిస్టర్ మీదుగా ఎర్త్‌లోకి కావాలని కొంచెం కరెంటు కార్చే ఏర్పాటు. ఇంట్లో బీరు కాచేవాళ్లలో ఈ కిటుకు బాగా ప్రచారంలో ఉంది. నాకు మొదటి నుంచీ నచ్చదు. ఇప్పుడు జీఎఫ్‌సీఐ లేదు. బటన్ నొక్కితే ఆగేదేమీ లేకపోగా, ఫేజు నుంచి కరెంటు తెచ్చి కెటిల్ ఒంటి మీద పోస్తుంది. ఆపద వచ్చిన క్షణంలో మనిషి చెయ్యి వెళ్లేది దాని మీదికే. బ్రేకర్ మళ్లీ వేసే రోజుకు ఆ వైరింగ్ మారి తీరాలి. ఎర్ర బటన్ చేయాల్సింది కాంటాక్టర్ (పెద్ద కరెంటును ఆన్ ఆఫ్ చేసే అయస్కాంత స్విచ్) కాయిల్‌కు వెళ్లే కరెంటును తెంచడం, అంతే.

మీవారికి ఇదంతా ఎలా చెప్పాలి? మళ్లీ ఆన్ చేసి "ఇదిగో జిల్లు చూడు" అని మాత్రం నిరూపించవద్దు. కరెంటు లేకుండానే రుజువు ఉంది. అడాప్టర్‌ను గోడ నుంచి, బాక్స్ నుంచి విడదీసి బల్ల మీద పెట్టండి. మల్టీమీటర్‌ను కంటిన్యుటీ మీద పెట్టి, నాలుగు కన్నాల వైపు ఎర్త్ కన్నంలో ఒక మొన, న్యూట్రల్ కన్నంలో ఒక మొన ఉంచమనండి. గుండ్రంగా లేదా యూ ఆకారంలో ఉండేది ఎర్త్, ఎల్ ఆకారంలో ఉండేది న్యూట్రల్. బీప్ వస్తే అవి రెండూ ఒకటే. ఇంజినీరుకు ఆ బీప్ చాలు, మీరు ఒక్క మాట కూడా అదనంగా అనక్కర్లేదు. సాకెట్ ముఖం మీద గోధుమరంగు మరకో, ప్లగ్ కాలి మీద నల్లటి మచ్చో ఉంటే అదీ సాక్ష్యమే, వదులు కాంటాక్టు వేడెక్కుతుంది. ఇంకొకటి చూడండి. ఇంట్లో ఏదైనా పెద్ద యంత్రం ఆన్ అయినప్పుడు కొన్ని గదుల్లో లైట్లు మసకబారి, మరికొన్నింట్లో ఎక్కువ వెలుగుతున్నాయా? అలా ఉంటే వదులైంది ఇంటికి వచ్చే న్యూట్రలే. ఎలక్ట్రీషియన్ కోసం ఆగకుండా కరెంటు కంపెనీ అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి.

ఇక దారులు. దేనికదే ఖర్చు, దేనికదే పరిణామం.

అన్నిటికన్నా నిలకడైనది ఆ మూలకు కొత్త తీగ. మెయిన్ ప్యానెల్ నుంచి 10 గేజి రాగి, మూడు తీగలూ ఎర్తూ ఉన్న కేబుల్, చివర నాలుగు కన్నాల నెమా 14-30 సాకెట్, ప్యానెల్‌లో 30 ఆంపియర్ల రెండు పోళ్ల జీఎఫ్‌సీఐ బ్రేకర్. 5,500 వాట్లు 240 మీద 23 ఆంపియర్లు. గంటల తరబడి నడిచే లోడుకు 30 ఆంపియర్ల సర్క్యూట్‌లో 24 దాకా ఒప్పు, కాబట్టి సరిగ్గా ఇముడుతుంది. 2020 కోడ్ నుంచి గ్యారేజీలో కొత్తగా వేసే 240 వోల్టుల సాకెట్‌కూ జీఎఫ్‌సీఐ రక్షణ ఉండాలన్నది నియమం. మీ నగరం ఏ ఏడాది కోడ్ పాటిస్తోందో, పర్మిట్ ఎలాగో నగర కార్యాలయం చెబుతుంది. రక్షణ మెయిన్ ప్యానెల్ దగ్గరే మొదలవుతుంది కాబట్టి స్పా డబ్బా అక్కర్లేదు, డ్రయ్యర్‌కూ అదే కాపలా. ఖర్చు ప్యానెల్‌కూ గ్యారేజీకీ ఉన్న దూరాన్ని బట్టి, గోడల్ని బట్టి ఉంటుంది. ఈ దారిలో అందరూ మరిచిపోయేది ఒకటుంది. డ్రయ్యర్‌కు నాలుగు కాళ్ల తీగ వేసి, వెనక న్యూట్రల్‌కూ ఒంటికీ మధ్య ఉన్న ఆ పాత పట్టీని తీసేయాలి. తీయకపోతే డ్రయ్యర్ పెట్టిన వెంటనే కొత్త జీఎఫ్‌సీఐ పడుతుంది, మళ్లీ "ఇది కూడా చెడిపోయింది" అనే మాట వినాల్సి వస్తుంది.

తీగ మొత్తం మార్చడం భారమైతే, పాత తీగను ఉంచి, ప్యానెల్ నుంచి విడిగా ఎర్త్ తీగ ఒక్కటి లాగించే వీలు కోడ్‌లో ఉంది. ఇనుప గొట్టంలో వైరింగ్ ఉంటే ఆ గొట్టమే ఎర్త్‌గా పనికిరావచ్చు. ఎలక్ట్రీషియన్ కొలిచి చెప్పాలి. గోడ పెట్టెలో ఒట్టి రాగి తీగ కనిపించగానే "ఎర్త్ ఉందిగా" అనుకోవద్దు. ఆ కాలంలో కొన్ని ఇళ్లలో ఆ ఒట్టి తీగే న్యూట్రల్. అలాంటిదైతే దాన్ని వదిలేసి కొత్త కేబుల్ వేయడమే దారి.

నాలుగు కన్నాల సాకెట్ వచ్చాక పాత స్పా ప్యానెల్ వాడుకోవచ్చు, అది మంచి వస్తువే. దాని మీద 50 ఆంపియర్లు అని ఉన్నా, వెనక 30 బ్రేకర్ ఉంది కాబట్టి తీగకు ప్రమాదం లేదు. తప్పు జరిగేది న్యూట్రల్ దగ్గర. బ్రేకర్ నుంచి వచ్చే తెల్లటి చుట్ట తీగ, డబ్బాలో న్యూట్రల్ తీగలు బిగించే పట్టీకి వెళ్లాలి. బాక్స్‌కు వెళ్లే న్యూట్రల్ మాత్రం పట్టీకి కాదు, బ్రేకర్ మీదున్న న్యూట్రల్ స్క్రూకే వెళ్లాలి. పట్టీకి వేస్తే పంపు ఆన్ చేయగానే పడుతుంది. ఆ డబ్బాలో న్యూట్రల్ పట్టీకీ ఎర్త్ పట్టీకీ మధ్య ఏ అతుకూ ఉండకూడదు. అవి రెండూ కలవాల్సింది ఇంటి మొత్తంలో ఒక్కచోటే, మెయిన్ (సర్వీస్) ప్యానెల్‌లో.

గోడ జోలికి వెళ్లకుండా బీరు కొనసాగించే దారి కూడా ఉంది: 120 వోల్టుల 1,500 వాట్ల కెటిల్, వంటింట్లో జీఎఫ్‌సీఐ ఉన్న 20 ఆంపియర్ల సాకెట్. 30 లీటర్లు 20 డిగ్రీల నుంచి మరగడానికి 5,500 వాట్లతో లెక్క ప్రకారం అరగంట, 1,500తో రెండు గంటలకు దగ్గర. అందుకని 12 లీటర్లకు తగ్గించుకోవాలి, అప్పుడు ముప్పావు గంటకు పైన పడుతుంది. బీరు సగానికన్నా తక్కువ వస్తుంది, ఇల్లంతా మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) వాసన, మీ వంటిల్లు ఒక పూట పోతుంది. దీనికి మీరిద్దరూ ఒప్పుకోవాలి. ప్రొపేన్ పొయ్యికి మారేవాళ్లూ ఉన్నారు. అది ఆరుబయట మాత్రమే. గ్యారేజీ తలుపు తెరిచి పెట్టినా లోపల కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది.

బీరు పూర్తిగా మానేయడం కూడా ఒక దారే. కానీ అది ఎంచుకున్నా సాకెట్ పని తప్పదు, ఎందుకంటే డ్రయ్యర్ ఉంది. మీరిద్దరూ నెలరోజులుగా బీరు గురించి పోట్లాడుతున్నారు, జబ్బు మాత్రం సాకెట్‌లో ఉంది. రెండింటినీ విడదీస్తే మొదటి దానికి ఇద్దరూ వెంటనే ఒప్పుకోవచ్చు. బీరంటే నిజంగా మీకు గిట్టకపోతే అది వేరే రోజు, వేరే మాటగా చెప్పండి. కరెంటు పేరుతో చెబితే, కరెంటు బాగుపడిన రోజున మీ వాదన కూడా అయిపోతుంది. అత్తగారి ముందు పెడతానన్న బెదిరింపు నేనైతే వెనక్కి తీసుకుంటాను. ఆవిడకు చెప్పాల్సింది డ్రయ్యర్ సంగతి.

ఏ దారైనా, బాక్స్ లోపల ఒకటి సరిచూసుకోమనండి. ఎలిమెంట్‌ను ఆన్ ఆఫ్ చేసే ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే అనే ఎలక్ట్రానిక్ స్విచ్) సాధారణంగా రెండు ఫేజుల్లో ఒకదాన్నే తెంచుతుంది. తెర మీద "ఆఫ్" అని ఉన్నా రెండో ఫేజు ఎలిమెంట్ మీద అలాగే ఉంటుంది. ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే ఎక్కువగా తెరుచుకుని కాదు, మూసుకుపోయి పాడవుతుంది, అంటే ఎలిమెంట్ ఆగదు. కెటిల్ ఖాళీ అయ్యాక ఎలిమెంట్ ఎండుగా కాలి, గొట్టం చీలి, లోపలి తీగ వర్ట్‌కు తగిలేది ఇలాగే. కాబట్టి రెండు ఫేజులనూ ఒకేసారి తెంచే 30 ఆంపియర్ల రెండు పోళ్ల కాంటాక్టర్ కావాలి, ఎర్ర బటన్ దాని కాయిల్‌కు. అన్నీ ఉన్నా, కెటిల్ కడిగే ముందు, అందులో చెయ్యి పెట్టే ముందు ప్లగ్ గోడ నుంచి బయటికి రావాలి. రెండు ఫేజులను రెండు చేతులతో పట్టుకున్నవాణ్ని ఏ జీఎఫ్‌సీఐ కాపాడదు. వెళ్లిన కరెంటు వెళ్లినట్టే తిరిగొస్తుంది, దాని లెక్కలో మనిషీ ఒక ఎలిమెంటే.

ఎలిమెంట్ జబ్బుకు మందు తేలిక. వెనక డబ్బా విప్పి పాత జిగురు శుభ్రం చేసి, గాస్కెట్ మార్చి, తీగ లోపలికొచ్చే చోట బిగుతైన కేబుల్ గ్లాండ్ వేయాలి. తీగ డబ్బాకన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, నురగ దాని వెంట జారి కింద బొట్టుగా పడిపోతుంది. చెమ్మ పట్టిన ఎలిమెంట్‌ను రబ్బరు వాషర్లు తీసేసి, ఓవెన్‌లో 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఆరబెడితే చాలాసార్లు కోలుకుంటుంది. రెండు కాళ్ల మధ్య పదిన్నర ఓములు చూపాలి. కాలికీ గొట్టానికీ మధ్య మామూలు మీటర్ అనంతం చూపించినా నమ్మవద్దు, దాని బ్యాటరీ బలం చాలదు. ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో కనీసం ఒక మెగాఓము రావాలి. రాకపోతే కొత్త ఎలిమెంట్ కొనడమే చవక.

మీ మరిదికి వివరాలు పంపకండి. అమెరికాలో సొంతానికి బీరు కాచుకోవడాన్ని 1978 చట్టం ఒప్పుకుంది, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. తెలంగాణలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. పైగా అక్కడి వైరింగ్ వేరు. ఒకే ఫేజు, 230 వోల్టులు. ఈ బాక్స్ బొమ్మ అక్కడ అతకదు. అతను మీ అత్తమామల ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (జీఎఫ్‌సీఐ లాంటి పని చేసేది) ఉందో లేదో చూసి, గీజర్ సాకెట్ ఎర్త్ కొలిపిస్తే అంతకన్నా మంచి పని.

కొత్త సాకెట్ వచ్చాక మొదటి బీరు రోజు ఇలా గడవాలి. ప్లగ్ గోడలో పెట్టకముందే, దాని ఎర్త్ కాలి నుంచి కెటిల్‌కు, బాక్స్ తలుపుకు, పంపు ఒంటికి మీటర్ పెట్టండి. ఒక్కొక్కటీ ఒక ఓముకన్నా తక్కువ చూపాలి. అదే ఎర్త్ కాలికీ న్యూట్రల్ కాలికీ మధ్య బీప్ రాకూడదు. వస్తే బాక్స్ లోపల ఎక్కడో పాత అతుకు మిగిలిపోయింది. తర్వాత ప్లగ్ పెట్టి జీఎఫ్‌సీఐ టెస్ట్ బటన్ నొక్కాలి, పడాలి. ప్రతిసారీ కాచే ముందు ఈ బటన్ నొక్కాల్సిందే. కెటిల్‌లో ఎలిమెంట్ పూర్తిగా మునిగేలా ఒట్టి నీళ్లు పోసి, పంపు తిప్పుతూ గంటసేపు మరిగించమనండి, మాల్ట్ ఆ రోజు వద్దు. మీరూ బాబూ ఆ గంట గ్యారేజీ బయట ఉండండి. అది పడితే రీసెట్ చేసి మళ్లీ ప్రయత్నించడం ఒక్కసారికే. రెండోసారి పడితే ప్లగ్ తీసి, పంపు విడదీసి ఎలిమెంట్ ఒక్కటే, తర్వాత ఎలిమెంట్ విడదీసి పంపు ఒక్కటే నడిపి, కారేది ఏదో పట్టుకోవాలి. డిసెంబరు లోపు ఎలక్ట్రీషియన్ దొరక్కపోతే బ్రేకర్ మీది టేపు అలాగే ఉండనివ్వండి. బట్టల స్టాండు ఇంకొకటి కొనండి, నలుగురు పెద్దవాళ్ల బట్టలకు ఒకటి చాలదు.